మా ఊరి డాలు మీద తల

ఆ రోజు మా ఇంట్లో ఉన్నది అమ్మమ్మ అపొలోనియా, వెందెలీన్ మామయ్య, నేను, ఇంకా పొయ్యి పక్కన చెక్కపెట్టెలో పడుకున్న కాలు విరిగిన కోడిపెట్ట. అమ్మ లేదు. అమ్మ పట్నంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారమంతా అక్కడే ఉంటుంది. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరొచ్చారు. ఒకరు మా మేయరు కొర్నేలియా గారు, రెండోవారు ఊళ్ళకి చిహ్నాలు గీసిపెట్టే సెబాస్త్యాన్ గారు. ఆయనది రాజధాని బ్రతిస్లావా.

మా ఊరు ఒసిచ్నాకి ఈ చిహ్నం ఎలా వచ్చిందని బడికి వచ్చే పెద్దవాళ్ళు అడిగినప్పుడల్లా టీచరు గారు నావైపు చూస్తారు. నేను నేలవైపు చూస్తాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు. డైరీలో రాసుకున్నది ఉంది కాబట్టి దాన్నే కాస్త బాగుచేసి ఇక్కడ రాస్తున్నాను.

మా దేశం విడిపోయి కొత్త దేశమైన ఏడాది అది. ఊరూరా ఒక డాలు, దాని మీద ఒక బొమ్మ ఉండాలని అందరికీ ఉత్సాహం పుట్టింది. ఏటికి అవతలి ఊరివాళ్ళు మూడు గోధుమ వెన్నులు, ఒక నాగటి కర్రు పెట్టించుకుని, బస్టాపు గోడ మీద పెద్దగా రంగుల్లో వేయించుకున్నారు. బస్సు అక్కడ ఆగిన ప్రతిసారీ మావాళ్ళకి కడుపు మండిపోయేది. అయితే బొమ్మని ఊరికే ఊహించి పెట్టుకోకూడదట. ఊరికి పాత ముద్ర ఉంటే అందులో ఉన్న బొమ్మనే తీసుకోవాలట. మా ఊరి ఇత్తడి ముద్ర ఏ తాతల కాలంలోనో పోయింది. సెబాస్త్యాన్ గారు ఎక్కడెక్కడి పాత కాగితాలో వెతికి, దాని లక్క అచ్చు ఒకటి పట్టుకున్నారు. దాన్ని చూసి గీసిన బొమ్మతోనే ఆ రోజు వచ్చారు. సాయంత్రం పంచాయతీ హాలులో ఊరంతా చూసి చేతులెత్తితే, మర్నాడు ఉదయం బస్సులో అది రాజధానికి వెళ్ళిపోతుంది. ఇక మార్చడానికి ఉండదు.

వాళ్ళు వచ్చిన రోజు మాత్రం మంచిది కాదు. లూసియా పండుగ. పండుగంటే పండుగ కాదు, మంత్రగత్తెలు తిరిగే రోజు. తెల్లవారుజామునే అమ్మమ్మ తలుపులకీ కిటికీలకీ వెల్లుల్లిపాయతో శిలువ గుర్తులు పెట్టింది. ఆ రోజు ఇంట్లోకి మొదట ఆడమనిషి అడుగుపెట్టకూడదు. ఇంట్లోంచి ఏదీ అరువు పోకూడదు. ఉప్పు, పాలు, అన్నిటికంటే ముఖ్యంగా నిప్పు. అడగడానికి వచ్చిన ఆడదే మంత్రగత్తె అంటారు. ఈ పట్టింపులు ఇప్పుడు చాలా ఇళ్ళలో నవ్వులాటకే మిగిలాయి. మా ఇంట్లో మాత్రం నవ్వులాట కాదు.

కారణం మా ఇంటి పేరు. ఒసిచ్నాలో ప్రతి ఇంటికీ రాసుకునే పేరు ఒకటి, పిలుచుకునే పేరు ఒకటి ఉంటాయి. గంటలవాళ్ళు, మేకలవాళ్ళు, కుంటివాళ్ళు ఇలా. మాది మంత్రగత్తెలవాళ్ళు. బళ్ళో నా జడ మీద ఎవరో ఉప్పు చల్లేవాళ్ళు. ఎవరింట్లో ఆవు పాలివ్వకపోయినా మా అమ్మమ్మ పేరు ఒకసారి తలుచుకుని నవ్వుకునేవాళ్ళు. నిజంగా ఎవరూ నమ్మరు. అయినా నవ్వుతారు. అమ్మమ్మ ఆ నవ్వుల మధ్యే పుట్టి, పెళ్ళాడి, తాతయ్యని సాగనంపింది. అందుకే లూసియా రోజున మా గడప అందరి గడపల కంటే గట్టిగా ఉండేది.

మేయరు గారు తలుపు తట్టారు.

"అపొలోనియా పిన్నీ, తలుపు తియ్యి. గడ్డకట్టుకుపోతున్నాం."

అమ్మమ్మ తలుపు కాస్త తెరిచి చూసింది. "నీ వెనకాల ఉన్నది మగాడేనా?"

"రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి పిన్నీ!"

"అయితే ముందు ఆయన్ని రమ్మను. నువ్వాగు."

"నేను మేయర్ని!"

"అయితే ఏంటి? ఇవాళ మేయరమ్మ కూడా ఆడమనిషే."

"ప్యాంటు వేసుకున్నాను చూడు పిన్నీ."

"ప్యాంటు వేసుకుంటే కోడిపెట్ట పుంజవుతుందా? ఆగమన్నానా!"

సెబాస్త్యాన్ గారు పాపం ఏమీ అర్థంకాక, బూట్ల మంచు దులుపుకుంటూ ముందు లోపలికి వచ్చారు. వెనకాల మేయరు గారు ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చారు. ఆవిడకి కోపం లేదు, చిన్నప్పటి నుంచి తెలిసిన అమ్మమ్మే కదా.

పొద్దున్నుంచి కరెంటు లేదు. మంచు బరువుకి ఎక్కడో తీగ తెగింది. వంటింట్లో పొయ్యి వెలుగులోనే నేను అందరికీ పులియబెట్టిన క్యాబేజీ సూపు పోశాను. మామయ్య ప్లమ్ పళ్ళ సారాయి తీసి గ్లాసుల్లో పోశాడు.

"పిన్నీ, మీ ఇంట్లో కిరసనాయిలు లాంతర్లు రెండు ఉండాలి కదా. సాయంత్రం హాలులో చీకటిగా ఉంటుంది. ఒకటి ఇవ్వవూ?" అన్నారు మేయరు గారు.

అమ్మమ్మ గరిటె తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు రా, రెండూ ఇస్తాను. కావాలంటే పొయ్యి కూడా పట్టుకుపో. ఇవాళ కాదు."

"అమ్మా, మేయరు గారు అడుగుతుంటే..." అన్నాడు మామయ్య.

"పోప్ వచ్చి అడిగినా అంతే. ఇవాళ ఈ ఇంట్లోంచి వెలుగిచ్చేదేదీ బయటికి పోదు."

మేయరు గారు నవ్వేశారు. కొవ్వొత్తులు తెప్పిస్తానులే అన్నారు. ఆ నవ్వులో ఏ చెడూ లేదు. కానీ అమ్మమ్మ మెడ ఎర్రబడడం నేను చూశాను.

సెబాస్త్యాన్ గారు గిన్నెలు పక్కకి జరిపించి బల్ల మీద కాగితం పరిచారు. ఎర్రటి డాలు. పైనుంచి దిగిన ఒక వెండి చెయ్యి. ఆ చేతిలో వేలాడుతున్న మనిషి తల. తలకి తలపాగా, పైన జుట్టుముడి. ఆ ముడినే చెయ్యి పట్టుకుని ఉంది. గుండ్రటి కళ్ళు రెండు, గుండ్రంగా తెరిచిన నోరు ఒకటి.

"టర్కీ నుంచి దండెత్తి వచ్చిన తురక సైనికుడి తల. ఈ దేశంలో ఇలాంటివి చాలా ఊళ్ళకి ఉన్నాయి. మీ పూర్వీకుడు ఎవరో యుద్ధంలో ఇతని తల తెచ్చి ఉంటాడు. అచ్చులో మీసం అరిగిపోయింది, అది నేను కలిపాను," అన్నారాయన.

మామయ్య కుర్చీలోంచి లేచాడు. "నేను చెప్పలేదూ! సారా కొట్టులో ఎన్నిసార్లు చెప్పాను, మన ఊరు వీరుల ఊరని! నాకు తెలిసి ఆ చెయ్యి మన వంశానిదే."

"నువ్వు క్రిస్మస్‌కి చేప తల కొయ్యమంటేనే కళ్ళు మూసుకుంటావు," అంది అమ్మమ్మ.

"అది చేప కాబట్టి అమ్మా. చేప నా వైపు చూస్తుంది."

అందరూ నవ్వారు. గోధుమ వెన్నుల ఊరివాళ్ళ మొహాలు ఎలా మాడిపోతాయో అని మేయరు గారు మురిసిపోయారు. నేను రొట్టె తెచ్చి బల్ల మీద పెడుతూ బొమ్మ వైపు మొదటిసారి సరిగా చూశాను. రొట్టె కత్తి చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ మొహం నాకు తెలుసు.

మా పొయ్యి పైన అరలో ఒక మట్టి కుండ ఉంటుంది. మసిపట్టి నల్లగా, మెడ సన్నగా, పైన పట్టుకోడానికి తాడు కన్నం. పక్కన మూడు రంధ్రాలు, పైన రెండు చిన్నవి, కింద ఒకటి పెద్దది. ఎండబెట్టిన బేరిపండ్లు అందులో దాస్తాం. చిన్నప్పుడు నాతో ఆడుకునేవాళ్ళు లేనప్పుడు నేను ఆ కుండతో మాట్లాడేదాన్ని. దాని నోట్లో చెంచా పెట్టి సూపు తాగించేదాన్ని. దానికి తాతగారూ అని పేరు పెట్టుకున్నాను. అంతసేపు, అంత దగ్గరగా నేను చూసిన మొహం ఊళ్ళో ఇంకెవరిదీ లేదు.

మళ్ళీ బొమ్మ వైపు చూశాను. మీసం తీసేస్తే తాతగారే. ఆ చెయ్యి కూడా సైనికుడిది కాదు. మణికట్టు దగ్గర బిగించి, ఆ కింద కుచ్చులు వదిలిన చొక్కా చెయ్యి. మా ఊళ్ళో ఆడవాళ్ళు చర్చికి వేసుకునే చొక్కా అది. సెబాస్త్యాన్ గారు అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఎంత శ్రద్ధగా దించారంటే, కుచ్చుల మడతలు కూడా లెక్కపెట్టవచ్చు. ఆయనకి అవి ఏమిటో తెలియలేదు, అంతే. ఆ శ్రద్ధకి ఇప్పటికీ ఆయనకి మనసులో దండం పెట్టుకుంటాను.

"ఏమే మేనకోడలా, తురకవాణ్ణి చూసి భయపడ్డావా?" అన్నాడు మామయ్య.

అందరూ నావైపు తిరిగారు. చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. చెవులు కాలిపోయాయి. కత్తి బల్ల మీద పెట్టి, పొయ్యిలో కట్టెలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

"దీనికి ఎప్పుడూ అంతే," అన్నాడు మామయ్య జాలిగా. కాసేపటికి ముగ్గురూ కోట్లు వేసుకుని, హాలు వేడి చేయించాలని వెళ్ళిపోయారు. బొమ్మ కూడా వాళ్ళతో వెళ్ళిపోయింది.

కోడిపెట్ట ఒకసారి గొణిగింది. అమ్మమ్మ గిన్నెలు కడుగుతోంది.

"అమ్మమ్మా, అది తల కాదు," అన్నాను.

"ఏది తల కాదు?"

"ఆ బొమ్మ. అది మన కుండ."

అమ్మమ్మ వెనక్కి తిరగలేదు. చేతులు మాత్రం నీళ్ళలో కదలడం మానేశాయి. నేను గబగబా చెప్పేశాను. మూడు రంధ్రాల సంగతి, తలపాగా అన్నది మెడకి చుట్టిన గుడ్డలా ఉందన్న సంగతి, జుట్టుముడి అన్నది తాడులా ఉందన్న సంగతి. అమ్మమ్మతో మాట్లాడడానికి నాకు ఎప్పుడూ కష్టం లేదు.

"చెయ్యి ఉందన్నారు కదా? ఎలాంటి చెయ్యి?"

"కుచ్చుల చెయ్యి. ఆడవాళ్ళ చొక్కా."

అమ్మమ్మ చేతులు తుడుచుకుని బెంచీ మీద కూచుంది. కుండ వైపు చూసింది.

"మా నాయనమ్మ నాకు చెప్పింది," అంది. "ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ చెప్పింది. మన వంశంలో ఒర్షుల్యా అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పైన ఈ గుట్ట మీదే ఇల్లు. ఒక చలికాలం మంచు మీద వాన పడిందిట. ఏట్లో గడ్డలు పగిలి, అడ్డుపడి, రాత్రికి రాత్రి నీళ్ళు ఊళ్ళోకి వచ్చేశాయి. తెల్లారేసరికి నీళ్ళు దిగిపోయాయి, వెనకాలే చలి విరుచుకుపడింది. ఒక్క పొయ్యి మిగల్లేదు. చెకుముకి రాయి కొట్టినా అంటుకోడానికి పొడి పీచు ఏది? అన్నీ తడిసిపోయాయి. ఊరంతటికీ నిప్పు ఉన్నది ఈ ఇంట్లోనే."

"వచ్చి అడిగితే ఇచ్చేది కదా?"

"ఎలా అడుగుతారే పిచ్చిపిల్లా? ఆ రోజు లూసియా. అడిగిందే మంత్రగత్తె. మగాడు వచ్చి అడిగినా వాడి పెళ్ళాం పంపిందనే అంటారు. పసిపిల్లలు నీలంగా అయిపోతున్నా ఎవరి ఇల్లాలూ గుట్ట ఎక్కలేదు. కింద నిలబడి ఈ ఇంటి పొగ వైపు చూశారుట. అంతే. ఒర్షుల్యా కిటికీలోంచి వాళ్ళని చూసింది. ఈ కుండలో నిప్పులు పోసుకుని, దాని మెడకి గుడ్డ చుట్టి తనే దిగింది. పిలవకుండానే ప్రతి గడపా దాటింది. ఆడమనిషి, లూసియా రోజున, చేత్తో నిప్పు పట్టుకుని. నిప్పు అయిపోతే మళ్ళీ గుట్ట ఎక్కి మళ్ళీ దిగింది."

"మరి ఎవరూ వద్దనలేదా?"

"ఆ రోజు అనలేదు. వసంతం వచ్చాక ఎవరిదో దూడ చచ్చింది. ఇంకెవరిదో పాలు విరిగాయి. ఆ రోజు గడప దాటిందెవరు అంటే ఆవిడే కదా! అప్పటి నుంచి మనం మంత్రగత్తెలవాళ్ళం." అమ్మమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. "నేనేమనుకున్నానో తెలుసా? ఊరు ఆ పేరొక్కటే గుర్తుపెట్టుకుందని. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

"కాదు అమ్మమ్మా. ముద్ర మీద వేయించారు."

"ఎవరు వేయించి ఉంటారంటావు?"

నాకేం తెలుసు? ఎవరికీ తెలియదు. ఆ రోజు ఉయ్యాలలో నీలంగా మారిన పసివాడే పెద్దయి ఊరిపెద్ద అయ్యాడేమో. వాళ్ళమ్మ చెబితే విన్నాడేమో. పేరు చెప్పకుండా, గొడవ చెయ్యకుండా, ఊరు రాసే ప్రతి కాగితం మీదా ఆవిడ చేతిని అచ్చు వేయించాడు ఎవరో. అదే మాట అమ్మమ్మతో అన్నాను. అమ్మమ్మ ఏప్రన్ ఎత్తి మొహం మీద పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఏప్రన్ దించాక చూస్తే ఆవిడ మొహం, పండక్కి తలకి కొత్త రుమాలు కట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఎంత మంచివాడో," అంది. "ఎవరి కొడుకో గానీ. ఎంత మంచివాడో."

బయట చీకటి పడుతోంది. హాలులో కొవ్వొత్తులు వెలిగించి ఉంటారు. ఇంకాసేపట్లో అందరూ చేతులెత్తుతారు. ఒర్షుల్యా చేతిలో తురకవాడి తల ఉండిపోతుంది, మేము మంత్రగత్తెలవాళ్ళుగా ఉండిపోతాం.

"మామయ్యతో చెప్పించాల్సింది," అన్నాను.

"వాడా? వాడు తురకవాడి తల నరకడంలో ఉన్నాడు. నా మోకాళ్ళు గుట్ట దిగవు. ఇంకెవరున్నారు?"

ఎవరూ లేరు. కోడిపెట్ట ఉంది.

"నాకు మాట రాదు అమ్మమ్మా. చూశావుగా ఇందాక."

అమ్మమ్మ బెంచీ ఎక్కి, అరలోంచి కుండ దింపి, బేరిపండ్లన్నీ బల్ల మీద కుమ్మరించింది. అడుగున బూడిద చల్లింది. పట్టకారు తీసుకుని పొయ్యి ముందు వంగింది. అప్పుడర్థమైంది నాకు.

"అమ్మమ్మా, ఇవాళ లూసియా!"

"తెలుసు."

"నువ్వు లాంతరే ఇవ్వలేదు!"

"నిప్పు బయటికి పంపితే పేరొస్తుందని కదా ఇన్నాళ్ళూ భయపడ్డాను. పేరు ఎలాగూ వచ్చింది." ఒక్కొక్క నిప్పూ కుండలోకి జారవిడిచింది. నల్లటి మట్టిలో ముందు నోరు వెలిగింది, తర్వాత కళ్ళు రెండూ వెలిగాయి. నేను సూపు తాగించిన తాతగారు మొదటిసారి నావైపు తిరిగి చూసినట్టయింది. పాత తువ్వాలు చింపి అమ్మమ్మ కుండ మెడకి చుట్టింది. అచ్చం తలపాగా. కొత్త తాడు కట్టింది. అచ్చం జుట్టుముడి.

"నువ్వేమీ పెద్ద ఉపన్యాసం చెప్పక్కర్లేదు," అంది. "కొవ్వొత్తులు ఆర్పమని అడుగు. అంతే. తర్వాత దీన్ని వాళ్ళ బొమ్మ పక్కన ఎత్తి పట్టుకో. కళ్ళున్నవాళ్ళకి కనిపిస్తుంది."

నాకు ఒక ఉపాయం తట్టింది. లూసియా సాయంత్రం మా ఊరి ఆడపిల్లలు తెల్లదుప్పటి కప్పుకుని, మొహానికి పిండి పూసుకుని, బాతు ఈకతో ఇంటింటి మూలలూ ఊడుస్తూ తిరుగుతారు. ఆ వేషంలో ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు. అందుకే నాకు ప్రతి ఏడూ ఆ వేషమంటే ఇష్టం. దుప్పటి తెచ్చి తల మీద వేసుకోబోయాను.

అమ్మమ్మ దాన్ని నా చేతిలోంచి లాగేసింది.

"ఒర్షుల్యా మొహం కప్పుకుని వెళ్ళలేదు."

అని, పెట్టెలోంచి చర్చికి వేసుకునే తన చొక్కా తీసింది. మణికట్టు దగ్గర కుచ్చులున్నది. అది తన పాడె మీద వేసుకోడానికి ఉతికి, ఇస్త్రీ చేసి దాచుకున్న చొక్కా అని ఇంట్లో అందరికీ తెలుసు. నా స్వెటరు మీదే దాన్ని తొడిగి, చేతుల దగ్గర కుచ్చులు సరిచేసింది. నా భుజానికి కాస్త వదులుగా ఉంది. గంజి వాసన వేసింది. ఆ తర్వాత కుండ తాడు నా వేళ్ళకి చుట్టి, వేళ్ళు మూసి, వాటి మీద తన చేతులు కాసేపు ఉంచింది.

"వేడిగా ఉందా?"

"ఊఁ."

"ఉండనీ. దారిలో చల్లారకుండా ఊదుతూ ఉండు. అక్కడ ఎవరైనా ముందు మగాడు రావాలంటే ఆగకు. నేరుగా లోపలికి వెళ్ళు."

తలుపు తీసింది. మంచు ఆగింది. కింద పంచాయతీ హాలు కిటికీల్లో సన్నగా కొవ్వొత్తుల వెలుగు. గడప మీద నేను ఆగిపోయాను. అమ్మమ్మ నా వీపు మీద చెయ్యి పెట్టి, నొప్పి పుట్టేలా కాదు గానీ గట్టిగానే, తోసింది. నా కాలు బయట మంచులో పడింది. కుండలో నిప్పులు ఒకసారి ఎర్రగా మెరిశాయి. మంచు మీద మూడు చిన్న వెలుగులు పడ్డాయి. ఇవాళ మా ఊరి డాలు మీద ఉన్నవీ ఆ మూడు వెలుగులే.

థాంక్స్ చెప్పాలనుకున్నాను. అమ్మమ్మతో నేను ఎప్పుడూ ఆ మాట అనలేదు. వెనక్కి తిరిగాను.

"అమ్మమ్మా..."

"ఇక్కడ కాదు, అక్కడ మాట్లాడు," అని అమ్మమ్మ నా మొహం మీదే తలుపు వేసేసింది.